టీనేజ్ పార్లర్ ప్యాకేజీ: ఏది చేయించుకోవచ్చు, ఏది వద్దనాలి

టీనేజ్ పిల్లల కోసమని పార్లర్లు ఇచ్చే ప్యాకేజీలో మామూలుగా ఐబ్రోస్, క్లీనప్, చేతుల వ్యాక్సింగ్, బ్లీచ్ ఉంటాయి. మొదటిసారి వెళ్లే అమ్మాయికి ఐబ్రోస్, క్లీనప్ చాలు. వ్యాక్సింగ్ తనే కావాలంటే చేయించండి. బ్లీచ్ మాత్రం తీసేయమనండి.

ఐబ్రోస్ చేసేటప్పుడు పని తెలిసిన బ్యూటీషియన్ ముందు వెంట్రుకల్ని బ్రష్‌తో పైకి దువ్వి అసలు ఆకారం చూసుకుంటుంది. మధ్యలోవి, కింద చెదురుగా ఉన్నవి తీసి ఆపేస్తుంది. సన్నగా చేస్తే బాగుంటుందని ఎవరన్నా ఒప్పుకోవద్దు, పదేపదే లాగిన చోట వెంట్రుకలు సరిగా తిరిగి రాకపోవచ్చు. కనురెప్పను, నుదుటిని అమ్మాయే రెండు చేతులతో బిగించి పట్టుకోవాలి. చర్మం వదులుగా ఉంటే దారానికి చిక్కి తెగుతుంది. దారం కొస నోట్లో కాకుండా మెడకు కట్టుకుని చేసేవాళ్లయితే శుభ్రం.

క్లీనప్‌లో ఆవిరి 5 నిమిషాలు దాటకూడదు. ముక్కు మీది బ్లాక్‌హెడ్స్ తీయనివ్వచ్చు. ఎర్రగా వాచిన మొటిమను మాత్రం నొక్కనివ్వకండి, చీము లోపలే పగిలి గుంట మచ్చ పడొచ్చు. మొటిమలున్న బుగ్గల మీద గరుకు స్క్రబ్ కూడా వద్దు.

వ్యాక్సింగ్‌కి వెంట్రుక అర సెంటీమీటరు పొడవుండాలి. అంతకన్నా పొట్టిగా ఉంటే వ్యాక్స్‌కి అంటదు. వ్యాక్స్‌ను ముందుగా మణికట్టు మీద కొంచెం రాసి వేడి చూడాలి. వెంట్రుక పెరిగిన వైపుకే పూసి, స్ట్రిప్‌ను ఎదురు దిశలో చర్మానికి ఆనించినట్టే లాగాలి. పైకి లాగితే వెంట్రుక మధ్యలో తెగి, తర్వాత చర్మం లోపలే పెరిగి పొక్కులొస్తాయి. వాడిన పుల్లను మళ్లీ వ్యాక్స్ గిన్నెలో ముంచుతుంటే అక్కడ చేయించవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, వాడుతున్న మందుల గురించి అడగని పార్లర్‌ను నమ్మలేం. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకునేవాళ్లకు స్ట్రిప్‌తోపాటు పై చర్మమూ ఊడిరావచ్చు. మందు ఆపాక కూడా 6 నెలలు వ్యాక్సింగ్ జోలికి పోకూడదు. మొటిమలకే వాడే అడాపలీన్ క్రీమ్ రాసే చోటా ఇదే భయం.

బ్లీచ్‌లో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్ మొటిమలున్న ముఖాన్ని మండిస్తుంది. హెయిర్ కలర్ అంటగట్టబోయినా వద్దనండి. అందులో వాడే పీపీడీ అనే రసాయనానికి అలర్జీ ఒకసారి వస్తే జీవితాంతం ఉండిపోతుంది.

ఏది చేయించినా ఫంక్షన్‌కి 3 రోజుల ముందే వెళ్లండి. ఎర్రదనం, చిన్న పొక్కులు తగ్గడానికి ఆ మాత్రం సమయం కావాలి.