జపనీస్ అక్షరాల ఫ్రేమ్ ఆర్డర్ పెడుతున్నారా? ముందు ఇది చదవండి

మీకు నచ్చిన మాటను జపనీస్‌లో కుంచెతో రాసి ఫ్రేమ్ కట్టి పంపిస్తామనే పేజీలు ఈమధ్య తెగ కనిపిస్తున్నాయి. అలాంటి ఒకదాంట్లో మా తమ్ముడి కోసం ‘నెవర్ గివ్ అప్’ అని రాయించాను. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. వచ్చిన సరుకు చూస్తే ఒళ్లు మండింది.

నిలువుగా 11 అక్షరాలు. రెండోది, నాలుగోది, తొమ్మిదోది అచ్చంగా ఒకటే. మూడోదీ ఎనిమిదోదీ ఒకటే. ఆ మాటను ఇంగ్లీషులో రాసి ‘ఈ’లు, ‘వీ’లు ఎక్కడెక్కడ పడతాయో చూడండి, బండారం బయటపడుతుంది. ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో అక్షరానికి ఒక్కో గుర్తు అంటగట్టిన దొంగ చార్టు టాటూల వాళ్ల దగ్గర ఎప్పటినుంచో తిరుగుతోంది. దాన్ని చూసి దింపేశారు. జపనీస్‌లో అలాంటి 26 అక్షరాలే లేవు. అక్కడి లిపుల్లో హిరగానా, కటకానా మన గుణింతంలా క, కి, కు అని పలుకుతాయి. కాంజీ అనే మూడో లిపిలో అయితే ఒక్కో అక్షరానికీ అర్థం ఉంటుంది. ఈ ఫ్రేమ్‌కి ఏ అర్థమూ లేదు.

పోనీ చేత్తో రాశారా అంటే అదీ లేదు. కుంచెలో సిరా తగ్గేకొద్దీ గీత మధ్యలో తెల్లటి చారలు పడతాయి. ఇక్కడ రెండో అక్షరంలో ఉన్న చారలే నాలుగో దాంట్లో, తొమ్మిదో దాంట్లో కూడా ఉన్నాయి! కింద ఎర్ర ముద్ర కూడా ప్రింటే. అడిగితే ‘కస్టమ్ ఆర్డర్, రిటర్న్ లేదు’ అని బ్లాక్ చేశారు.

అక్షరాలు నిజమైనవైనా గ్యారంటీ లేదండోయ్. 2019లో అమెరికన్ గాయని అరియానా గ్రాండే తన పాట పేరని అరచేతిలో పచ్చబొట్టు పొడిపించుకుంటే, ఆ రెండు కాంజీలకు బొగ్గుల కుంపటి అని అర్థం వచ్చింది.

రాయించుకోవాలనే ఉంటే, ఇంగ్లీషు మాటను జపనీస్‌లోకి మార్పించకండి. జపనీయులకే నాలుగక్షరాల నానుడులు బోలెడున్నాయి. పట్టుదలకైతే ‘షిచితెన్ హక్కి’ ఉంది, ఏడుసార్లు పడ్డా ఎనిమిదోసారి లేవడం అని. రాసేవాళ్లను ఆ అక్షరాలు ఫొటోగా కాకుండా టైప్ చేసి పంపమనండి, నిఘంటువులో మీరే వెతుక్కోవచ్చు. నమూనా చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఫ్రేమ్ తలకిందులుగా బిగించారేమో కూడా చూసుకోవాలి, నవ్వకండి, జరుగుతుంటాయి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. ఇప్పటికే ఆర్డర్ పెట్టేసిన వాళ్లు చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు ఈరోజే దాచుకోండి, బ్లాక్ చేశాక వాళ్ల పేజీ కూడా కనబడదు.