ఎంఏ తెలుగు, ఎంఏ ఇంగ్లీష్, అమెరికాలో రెటరిక్: ఏది మేలు?

మా అక్క కూతురికి డిగ్రీ అయిపోయింది. వాళ్లది కావలి. రాయడం, నలుగురిలో మాట్లాడటం అంటే ఇష్టం, దాన్నే పైచదువుగా తీసుకుంటే ఎట్టా ఉంటుంది మామా అని అడుగుతోంది. దాని ముందున్నవి మూడు: ఇక్కడే ఎంఏ తెలుగు, ఇక్కడే ఎంఏ ఇంగ్లీష్, లేదా అమెరికా వెళ్లి రెటరిక్ అండ్ కంపోజిషన్, అంటే వినేవాళ్లను ఒప్పించేలా మాట్లాడటం, రాయడం నేర్పే చదువు. మూడో పేరు వినగానే ఇంట్లో అందరికీ టెన్షన్, అదేం కోర్సు, దానికి ఉద్యోగం వస్తుందా అని.

వస్తుంది. అక్కడ ఇంజినీరింగ్ చదివే పిల్లోడైనా చాలా యూనివర్సిటీల్లో మొదటి ఏడాది వ్యాసరచన కోర్సు చేయాల్సిందే, 19వ శతాబ్దం చివర్లో హార్వర్డ్‌లో మొదలైన పద్ధతి ఇది. అన్ని క్లాసులు చెప్పాలంటే మనుషులు కావాలి కదా, అందుకే రెటరిక్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఆ పని అప్పజెప్పి, ఫీజు మాఫీ చేసి, స్టైపెండ్ ఇస్తుంటారు. ఎంఏకి ఆ గ్యారంటీ తక్కువ. అప్పు చేసి ఎంఏకి పోవడం నా లెక్కలో దండగ.

ఆ చదువులో నాకు నచ్చేది తిరగరాయించడం. ఒక వ్యాసం రాస్తే టీచర్ చదువుతాడు, తోటి పిల్లలు చదివి ఎక్కడ అర్థం కాలేదో చెప్తారు, మళ్లీ రాయాలి, ఇంకోసారి కూడా రాయాలి. మన దగ్గర పరీక్షలో రాస్తాం, మార్కులొస్తాయి, ఆ పేపర్ మళ్లీ మన మొహం చూడదు.

తిరగరాస్తే ఏమొస్తుందంటారా? సోమవారం కలెక్టరాఫీసులో ఇచ్చే అర్జీలు చూడండి. 'మా గ్రామంలో తాగునీటి సమస్య తీవ్రంగా ఉన్నందున తమరు దయతో పరిశీలించి తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన' అని రాస్తే ఆఫీసరుకు ఏం తెలుస్తుంది? 'రొయ్యల గుంటల ఉప్పునీరు దిగి మా కాలనీ చేతిపంపు నీళ్లు తాగడానికి పనికిరావట్లేదు, ల్యాబ్ రిపోర్టు జత చేశాం, గుంటల నీళ్లు వదిలే కాలువను మళ్లించండి' అని రాస్తే కాగితం ఏ శాఖకు పోవాలో అక్కడే తేలిపోతుంది. వినేవాణ్ణి బట్టి మాట పేర్చుకోవడం, రెటరిక్ అంటే అంతే. చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, తర్కం అని అరిస్టాటిల్ దాన్ని మూడుగా విడగొట్టాడు.

ఇక ఎంఏ ఇంగ్లీష్. కాలేజీల్లో, ట్రైనింగ్ సెంటర్లలో గిరాకీ దీనికే ఎక్కువ, కాదనను. కానీ సిలబస్‌లో నాటకాలు, నవలలు, విమర్శ సిద్ధాంతాలు, కొంత భాషాశాస్త్రం ఉంటాయి. వేరేవాళ్లు రాసింది బాగా చదవడం వస్తుంది, సొంతంగా రాయడం మాత్రం ఎవరి తిప్పలు వాళ్లవే.

ఎంఏ తెలుగు అంటే చులకన చేస్తారు గానీ సరుకంతా అక్కడే ఉంది. అలంకారశాస్త్రం ఉంది, వ్యాకరణం ఉంది, పైగా మన నెల్లూరు తిక్కన ఉన్నాడు. ఉద్యోగపర్వంలో కృష్ణుడి రాయబారం తీసుకోండి. సభలో ధృతరాష్ట్రుడితో ఒకలా మాట్లాడతాడు, దుర్యోధనుడి దగ్గర స్వరం మారుస్తాడు, తర్వాత కర్ణుణ్ణి ఒంటరిగా పక్కకు తీసుకెళ్లి పుట్టుక రహస్యం విప్పుతాడు. మనిషి మారినప్పుడల్లా వాదం మారింది. అరిస్టాటిల్ చెప్పిన మూడూ అందులో దొరుకుతాయి. మన పరీక్షలో మాత్రం 'రాయబార ఘట్టాన్ని వివరించండి' అని అడుగుతారు, పిల్లలు గైడు చూసి బట్టీపడతారు. ఏ వాదం ఎందుకు ముందొచ్చింది, ఏది పారలేదు అని అడిగే మాస్టారు దొరికితే అదృష్టం.

అందుకని నా ఓటు ఎంఏ తెలుగుకే, ఒక షరతు మీద. కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది, ఒంగోలు వైపు వాళ్లకి ఆంధ్రకేసరి ఉంది, ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం కూడా మైసూరు నుంచి నెల్లూరుకే వచ్చింది. పీజీసెట్ రాసి, ఏ కోర్సు ఎక్కడ ఉందో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకుని, చేరేముందు సీనియర్లను ఒక్కటే అడగాలి: మీరు రాసింది ఎవరన్నా దిద్ది వెనక్కిస్తున్నారా? లేదంటే ఎంఏ ఇంగ్లీష్‌లో చేరినా పెద్ద నష్టం లేదు, కనీసం ఉద్యోగం సులువు. అమెరికా సంగతి ఎంఏ అయ్యాక, అదీ పీహెచ్‌డీకి ఫండింగ్ ఇస్తామని లెటర్ చేతికొస్తేనే.