యూటా ఎర్రరాతి నేలలో కారు ప్రయాణం: ఇంటి దగ్గరే గీసుకున్న దారి

యూటాలోని జయన్ జాతీయ పార్కు నుంచి టోరీ అనే చిన్న ఊరికి వెళ్లాలని జీపీఎస్ పరికరానికి చెబితే, అది సాధారణంగా 89వ నంబరు రహదారి మీద ఉత్తరంగా నడిపించి, పచ్చిక మైదానాల మధ్య నుంచి త్వరగా చేర్చే దారి చూపిస్తుంది. సమయం ఒక్కటే లెక్క అయితే అది సరైన జవాబే. కానీ ఆ దారిలో బ్రైస్ కాన్యన్ రాదు, ఎస్కలాంటే రాదు, బౌల్డర్ కొండ రాదు. అమెరికాలోని అత్యంత అందమైన రోడ్లలో ఒకటైన 12వ నంబరు రాష్ట్ర రహదారి, 120 మైళ్లకు పైగా ఉన్నది, మొత్తంగా తప్పిపోతుంది. అంత దూరం వెళ్లేది ఆ రోడ్డు కోసమే అయినప్పుడు, పరికరంలో ఊరి పేరు కొట్టి బయలుదేరితే చాలదు. ఏ రోడ్డు మీదుగా వెళ్లాలో కూడా ముందే చెప్పి ఉంచాలి.

మా ఇంట్లో కారు నడిపేది మా వారు, దారి గీసేది నేను. ఈసారి గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు మాతో ఉన్నారు. డాలస్ నుంచి లాస్ వేగాస్‌కు విమానం, అక్కడ అద్దె కారు, ఆ పైన జయన్, బ్రైస్, కాపిటల్ రీఫ్, నేచురల్ బ్రిడ్జెస్, మాన్యుమెంట్ వ్యాలీ, ఆరిజోనాలోని పేజ్ ఊరు చుట్టుకుని మళ్లీ లాస్ వేగాస్. సెప్టెంబరు నెలాఖరు. పెద్దవాళ్లు ఉన్నారంటే దారి గీయడంలో లెక్కలు మారతాయి. మరుగుదొడ్డి ఎక్కడ ఉంది, నీడలో కూర్చుని అన్నం తినడానికి బల్ల ఎక్కడ ఉంది, చీకటి పడేలోగా గది చేరతామా అన్నవి చూసుకున్నాకే మిగతావి.

ఫోను ఉండగా వేరే పరికరం ఎందుకని చాలామంది అడుగుతారు. నగరంలో నేనూ ఫోనే వాడతాను. ట్రాఫిక్ సంగతి దానికి బాగా తెలుస్తుంది. కానీ దక్షిణ యూటాలో గంటల తరబడి సిగ్నల్ ఉండదు. జీపీఎస్ పరికరానికి సిగ్నల్ టవర్లతో పని లేదు. పటాలన్నీ దాని లోపలే ఉంటాయి, భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటే చాలు. ఫోనులో కూడా పటాలు దించుకోవచ్చు. అయితే నాకు కావలసిన రోడ్డును ముక్కముక్కగా నిర్ణయించి, రోజుకొక ఫైలుగా దాచుకోవడంలో ఉన్న సుఖం వేరు. మా దగ్గరున్నది గార్మిన్ పరికరం. దాని బేస్‌క్యాంప్ ప్రోగ్రాములో కంప్యూటర్ తెర మీద పెద్ద పటం పెట్టుకుని దారి గీయవచ్చు. గీసిన దారి జీపీఎక్స్ అనే రకం ఫైలుగా తయారవుతుంది. కేబుల్‌తో పరికరంలోకి పంపితే, దారులను దాచే ట్రిప్ ప్లానర్ అనే భాగంలో కనిపిస్తుంది.

ఇక్కడ ఒక సంగతి బాగా అర్థం చేసుకోవాలి. మనం పంపే దారి గీసిన గీతలాగా యథాతథంగా ఉండిపోదు. అందులో ప్రధానంగా ఉండేవి కొన్ని బిందువులు. వాటి మధ్య ఎటు వెళ్లాలో పరికరం తన పటాన్ని బట్టి, తన అమరికలను బట్టి మళ్లీ లెక్క వేసుకోవచ్చు. కంప్యూటర్‌లోని పటం పాతది, పరికరంలోది కొత్తది అయితే తెర మీద చూసిన దారి ఒకటి, కారులో వచ్చే దారి మరొకటి కావచ్చు. అందుకే బయలుదేరే ముందు రెండింటిలోనూ పటాలు నవీకరించాను. దానికి గంటలు పడుతుంది, కాబట్టి ప్రయాణం ముందు రాత్రికి వాయిదా వేయకూడదు.

బిందువుల్లో రెండు రకాలు. నిజంగా ఆగే చోటు ఒకటి. ఆగకుండా మీదుగా వెళ్లిపోయే షేపింగ్ పాయింట్ రెండోది. ఆగే చోటును దాటిపోతే పరికరం వెనక్కి తిప్పాలని చూస్తుంది, దాన్ని వదిలేయమని మనం చెప్పేదాకా ఊరుకోదు. షేపింగ్ పాయింట్ దారిని మన వైపు లాగి ఉంచుతుందే తప్ప ‘చేరుకున్నారు’ అని ప్రకటించదు. టోరీ వెళ్లే రోజుకు ఎస్కలాంటే, బౌల్డర్ ఊళ్ల మధ్య ఒకటి, బౌల్డర్ కొండ మీద ఒకటి పెట్టాను. ఆ రెండూ చాలు, పరికరం 89వ నంబరు రోడ్డు మాటే ఎత్తలేదు. బిందువును కూడలి మీద పెట్టకూడదు, కూడలి దాటాక కొంత దూరాన, రోడ్డు మీదే, పటాన్ని బాగా పెద్దది చేసి పెట్టాలి. మధ్యలో విభజన ఉన్న రహదారిలో అవతలి వైపు పడిందంటే, పరికరం మైళ్ల దూరం వెళ్లి తిరిగి రమ్మంటుంది. ట్రిప్ ప్లానర్‌లో ఆగే చోట్ల వరుసను దగ్గరి దారి పడేలా పరికరమే మార్చేసే సౌకర్యం కూడా ఉంది. కొరియర్ పంచేవారికి అది మేలు. ఏ వెలుగులో ఏ లోయను చూడాలో నిర్ణయించుకున్నవారు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. అన్నీ అయ్యాక, ఇంట్లోనే పరికరంలో జీపీఎస్ ఆపి, దారిని నమూనాగా నడిపించి చూశాను. మామయ్యగారు రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. పక్కన కూర్చుని ప్రతి మలుపూ చూశారు.

అమరికల్లో అతి ముఖ్యమైనది మట్టి రోడ్లు వద్దని చెప్పడం. బ్రైస్ దగ్గరి కానన్‌విల్ నుంచి పేజ్ వైపు కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్డు ఉంది. పటంలో చూస్తే చక్కటి అడ్డదారి. నిజానికి సుమారు 46 మైళ్ల మట్టి దారి, వాన పడితే బంకమన్ను చక్రాలను కదలనివ్వదు. ఇలాంటి దారుల వల్ల పోయిన ప్రాణాలను డెత్ వ్యాలీ జాతీయ పార్కు రేంజర్లు ‘డెత్ బై జీపీఎస్’ అంటారు. 2011 మార్చిలో లాస్ వేగాస్‌కు బయలుదేరిన కెనడా దంపతులు జీపీఎస్ చూపిన దారిలో ఉత్తర నెవాడా కొండల్లోకి వెళ్లి బురదలో చిక్కుకుపోయారు. సాయం కోసం నడిచి వెళ్లిన భర్త తిరిగి రాలేదు. భార్య సుమారు ఏడు వారాల తర్వాత ప్రాణాలతో దొరికింది. ఈ సంగతి చదివినప్పటి నుంచి ఆ అమరికను చూడకుండా నేను ఏ ప్రయాణమూ మొదలుపెట్టను.

ఇక ప్రయాణం. జయన్ దగ్గర స్ప్రింగ్‌డేల్‌లో బస ఖరీదే. కొంత దూరంలో కనాబ్‌లో తక్కువకు గదులు దొరుకుతాయి. అయినా పెద్దవాళ్లతో వెళితే స్ప్రింగ్‌డేలే మేలని నా నమ్మకం. మార్చి నుంచి నవంబరు దాకా లోయ లోపలి రోడ్డు మీదికి మామూలుగా సొంత కార్లను రానివ్వరు, పార్కు వారి ఉచిత బస్సు ఎక్కాలి. కాబట్టి పరికరంలో లోయ లోపలి చోట్ల పేర్లు కొట్టి లాభం లేదు, సందర్శకుల కేంద్రం పేరు ఇవ్వాలి. ఊళ్లో తిరిగే ఉచిత బస్సు హోటలు దగ్గర ఎక్కించుకుని పార్కు గేటు దగ్గర దింపుతుంది. పార్కింగు కోసం తెల్లవారుజామున పరుగెత్తే పని తప్పింది. తూర్పు వైపు వెళ్లేటప్పుడు 1930లో తెరిచిన సొరంగం వస్తుంది, పొడవు 1.1 మైళ్లు. లోపల ఉపగ్రహాల సంకేతం అందదు, బయటికి రాగానే పరికరం తేరుకుంటుంది. రాతిగోడకు కోసిన కిటికీల్లోంచి లోయ తళుక్కున కనిపిస్తుంటే మామయ్యగారు మాట్లాడటం మానేశారు.

బ్రైస్‌లో గేటు పక్కన కాకుండా కొండ దిగువన ట్రాపిక్ అనే పల్లెలో దిగాం. వెయ్యి అడుగులకు పైగా కింద ఉండటంతో రాత్రి చలి తక్కువ. చెక్క గది, బయట బల్ల, వంట చేసుకోనిస్తామని ముందే ఫోనులో ఒప్పుకున్న యజమాని. లాస్ వేగాస్‌లోని భారతీయ దుకాణంలో కొన్న బియ్యం, కందిపొడి, మా గోంగూర పచ్చడి ఇక్కడ బాగా పనికొచ్చాయి. ఆ తర్వాతి ఊళ్లలో శాకాహారులకు దొరికేది ఎక్కువగా బంగాళాదుంపలు, సలాడ్, జున్ను రొట్టె. కుక్కర్ తీసుకెళ్లేవారు గది తీసుకునే ముందే అడగాలి, చాలా చోట్ల ఒప్పుకోరు. బ్రైస్‌లో సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అంచు వెంట అర మైలు దారి దాదాపు చదునుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు కూడా హాయిగా నడిచారు.

12వ నంబరు రోడ్డు గురించి ఎంత రాసినా తక్కువే. ఎస్కలాంటే దాటాక తెల్లని, గులాబీ రంగు రాతి నేల అలలు అలలుగా కిందికి జారిపోతుంది, రోడ్డు ఆ రాతి మీదే మెలికలు తిరుగుతుంది. బౌల్డర్ ఊరికి ముందు హాగ్స్‌బ్యాక్ అనే చోట రెండు పక్కలా లోయలే, మధ్యలో సన్నని వెన్నుమీద రోడ్డు. ‘‘అమ్మాయీ, ఇక్కడ రాయి పేల్చడానికి మనుషులు నిలబడ్డది ఎక్కడ?’’ అని మామయ్యగారు అడిగారు. ఈ ప్రాంతపు రోడ్డు 1930ల మాంద్యం రోజుల్లో సివిలియన్ కన్జర్వేషన్ కార్ప్స్ అనే ప్రభుత్వ ఉపాధి పథకంలో చేరిన యువకులు వేసినది. అంతకు ముందు బౌల్డర్‌కు ఉత్తరాలు కంచర గాడిదల మీద వచ్చేవి. నేను దారిలో పెట్టిన ప్రతి వ్యూపాయింటులోనూ ఆగాం, పెట్టనివాటిలో కూడా ఆగాం. ట్రిప్ ప్లానర్‌లో ఒక్కో చోట ఎంతసేపు ఆగుతామో రాసుకునే వీలుంది. ఈ రోజుకు మాత్రం పరికరం చెప్పే ప్రయాణ సమయానికి రెట్టింపు వేసుకోండి. బౌల్డర్ కొండ మీద రోడ్డు సుమారు 9,600 అడుగులకు ఎక్కుతుంది. ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు తిరిగాయి, వాటి సందుల్లోంచి కింద కాపిటల్ రీఫ్ ఎర్రగోడ కనిపించింది.

టోరీలో దిగిన మోటలు మామూలుది, శుభ్రమైనది. నడిపేది గుజరాతీ కుటుంబం. ఇంటికి చుట్టాలు వచ్చినట్టు అత్తయ్యగారికి అల్లం టీ పంపించారు. కాపిటల్ రీఫ్‌లోని ఫ్రూటాలో, 19వ శతాబ్దం చివర మోర్మన్ మతస్థులు నాటడం మొదలుపెట్టిన పండ్లతోటలను పార్కు ఇప్పటికీ పెంచుతోంది. కాయలు పండిన తోటలో మనమే కోసుకోవచ్చు. అమెరికా జాతీయ పార్కుల్లో జనం తక్కువగా, మనసుకు దగ్గరగా అనిపించేది కావాలంటే నేను దీని పేరే చెబుతాను.

ఆ మర్నాటి దారి మరో రకం. హాంక్స్‌విల్ నుంచి 95వ నంబరు రోడ్డులో బ్లాండింగ్ దాకా 120 మైళ్లకు పైగా. మధ్యలో పెట్రోలు మీద ఆశ పెట్టుకోకూడదు. పరికరంలో మధ్యలో హైట్ అనే చోట బంకు గుర్తు కనిపించినా దాన్ని నమ్ముకుని వెళ్లవద్దు, హాంక్స్‌విల్‌లో ట్యాంకు నింపండి. నేను ఆ ఊరిని తప్పనిసరిగా ఆగే చోటుగా పెట్టాను. హైట్ దగ్గర కొలరాడో నది లోయను పైనుంచి చూసి, నేచురల్ బ్రిడ్జెస్‌కు వెళ్లాం. నీళ్లు తొలిచిన మూడు రాతి వంతెనలను తొమ్మిది మైళ్ల తారు రోడ్డు మీద తిరుగుతూ పైనుంచే చూడవచ్చు, దిగాల్సిన పని లేదు. అది ఒకే దిశలో సాగే రోడ్డు, షేపింగ్ పాయింట్ పెట్టేటప్పుడు ఆ దిశను చూసుకోవాలి. తిరుమల శిలాతోరణం ముందు మొక్కుకున్నట్టే అత్తయ్యగారు ఇక్కడా చేతులు జోడించారు. 2007లో ప్రపంచంలోనే మొదటి అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే పార్కుగా, గుర్తింపు పొందినది ఇదే.

అక్కడి నుంచి మాన్యుమెంట్ వ్యాలీకి దగ్గరి దారి మోకీ డగ్‌వే. వెయ్యి అడుగులకు పైగా కొండ అంచు నుంచి కిందికి దిగే ఘాట్ రోడ్డు, మూడు మైళ్లు మట్టి, 11 శాతం వాలు. మట్టి రోడ్లు వద్దని పెట్టిన అమరిక ఈ దారిని కూడా మూసేస్తుంది. సొంత బండి, మంచి వాతావరణం అయితే అమరికను ఆ ఒక్క పూటకు తీసేసి వెళ్లదగిన దారే. మాది అద్దె కారు, ఒప్పందంలో మట్టి రోడ్లకు అనుమతి లేదు. అందుకని బ్లాండింగ్ మీదుగా బ్లఫ్‌కు వెళ్లి అక్కడ రాత్రి ఉన్నాం. మాన్యుమెంట్ వ్యాలీ నవాహో అనే ఆదివాసీ ప్రజల భూమి. జాతీయ పార్కుల పాసు చెల్లదు, విడిగా టిక్కెట్టు కొనాలి. లోపలి 17 మైళ్ల దారి మట్టిదే కనుక నవాహో గైడు జీపు ఎక్కాం. ఖర్చు కొంచెం ఎక్కువైనా ప్రతి డాలరుకూ విలువ దక్కింది. ఆయన తన అమ్మమ్మ కాలం కబుర్లు చెబుతూ నడిపారు.

పేజ్‌లో జాగ్రత్త గడియారంతో. ఆరిజోనా వేసవిలో గడియారం ముందుకు జరపదు, నవాహో నేల జరుపుతుంది, యూటా జరుపుతుంది. మార్చి నుంచి నవంబరు దాకా పేజ్ సమయం యూటా కంటే గంట వెనక. ఫోను ఏ టవరును పట్టుకుంటే ఆ సమయం చూపిస్తుంది. పేజ్ దగ్గరున్న సన్నని రాతిలోయ యాంటిలోప్ కాన్యన్‌కు గైడు లేకుండా వెళ్లనివ్వరు, ఆ టూర్లు పేజ్ సమయం ప్రకారం నడుస్తాయి. నేను ఆ రోజు కాగితం మీద పేజ్ సమయమే పెద్ద అక్షరాలతో రాసి డాష్‌బోర్డు మీద అంటించాను. ఇక్కడ దిగిన హోటలు మాత్రం మొత్తం ప్రయాణంలో నాసిరకం బస. కింది అంతస్తు కావాలని ముందే రాయించుకున్నా పై అంతస్తు ఇచ్చారు, లిఫ్టు లేదు. పెద్దవాళ్లున్నవారు బయలుదేరిన రోజు ఉదయం ఫోను చేసి మరోసారి ఖాయం చేసుకోవాలి.

ఈ చుట్టులో గ్రాండ్ కాన్యన్ కలుపుకోవాలనుకునేవారు ఏ అంచు అన్నది చూసి కొట్టాలి. ఉత్తర, దక్షిణ అంచుల మధ్య ఎదురెదురుగా సుమారు 10 మైళ్లే, రోడ్డు మీద మాత్రం 200 మైళ్లు దాటుతుంది. ఉత్తర అంచులోని గ్రాండ్ కాన్యన్ లాడ్జి 2025 జులైలో కార్చిచ్చుకు కాలిపోయింది. పాత పటమున్న పరికరం దాన్ని ఇంకా బసగా చూపిస్తుంది. పేజ్ నుంచి దక్షిణ అంచుకు 89వ నంబరు రోడ్డులో కేమరన్ దాకా వెళ్లి, పడమరకు తిరిగి డెజర్ట్ వ్యూ ద్వారం గుండా ప్రవేశించవచ్చు. ఆ భాగాన్ని మేము వసంతానికి ఉంచుకున్నాం. కేమరన్‌లో పెట్రోలు, డెజర్ట్ వ్యూలో మధ్యాహ్న భోజనం అని గుర్తులు పెట్టిన ఫైలు సిద్ధంగా ఉంది. అత్తయ్యగారు, మామయ్యగారు మళ్లీ వచ్చేదాకా ఆగుతాం.