బరంపురంలో కొన్న అనిలిన్, టేపు

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో పాలీఅనిలిన్ (కరెంటు మోసే ప్లాస్టిక్) చేయాలని బరంపురం బజారులో ఓ కెమికల్స్ కొట్టులో దాని ముడిసరుకు అనిలిన్ అర లీటరు కొన్నాను. సీలు బాగానే ఉంది, బీకరులోకి వంపితే కాఫీ డికాక్షన్! తాజా అనిలిన్‌కు దాదాపు రంగే ఉండదు. గాలి తగిలి ఆక్సీకరణం చెందితే ఇలా ముదురుతుంది. "అన్నీ ఇలాగే వస్తాయి బాబూ" అన్నాడు కొట్టాయన, తెలుగాయనే. చేసేది లేక డిస్టిల్ చేసుకున్నాను, ఒక రోజు పోయింది.

అనిలిన్‌ను పాలీఅనిలిన్‌గా మార్చే అమోనియం పెర్‌సల్ఫేట్ కూడా అక్కడిదే, దానికి వంక పెట్టలేను. అనిలిన్ కలిపి ఐసులో పెట్టిన ఆమ్ల ద్రావణంలో దీన్ని చుక్కచుక్కగా పోస్తే ముందు నీలం తిరిగి, తర్వాత ముదురాకుపచ్చ పొడి దిగింది. కరెంటు మోసేది ఈ ఆకుపచ్చే. అమోనియా నీళ్లలో వేస్తే మళ్లీ నీలమై, మోయడం మానేస్తుంది.

అక్కడే కొన్న పాలీఇమైడ్ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్) టేపు మాత్రం బంగారం, రంగులో కూడా. 200 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలున్నా ముడుచుకోలేదు. దానికోసం మళ్లీ వెళ్తాను. అనిలిన్ మాత్రం తయారీ తేదీ చూశాకే.