సమాధి ఫలకాలు చెక్కే రాళ్ల దుకాణం: ఒక విశ్వాసి సమీక్ష

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీదుగా చీమకుర్తి వైపు వెళ్లేవారికి దారి పొడవునా గ్రానైటు యూనిట్లు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం వంటింటి గట్లకు, ఇంటి నేలలకు, ఎగుమతికి పలకలు కోసేవే. సమాధి ఫలకాలు చెక్కడాన్నే వృత్తిగా పెట్టుకున్న దుకాణాలు తక్కువ. నాన్నగారి సమాధికి రాయి చేయించడానికి మేము అలాంటి ఒక చిన్న దుకాణాన్ని ఎంచుకున్నాము. ఆ పనిలో మెచ్చుకోవలసినవీ ఆక్షేపించవలసినవీ రెండూ ఉన్నందున దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. విశ్వాసి సమాధి మీద పెట్టే రాయిని మెరుపును బట్టీ ధరను బట్టీ మాత్రమే తూచడం నాకు చేతకాదని ముందే చెప్పుకోవాలి. క్రీస్తు తిరిగి లేచాడన్న సంగతిని ఆ రాయి చదివేవారికి చెబుతోందా, లేక ఒక మనిషి వెళ్లిపోయాడని చెప్పి ఊరుకుంటోందా అన్నదే ఈ సమీక్షకు మొదటి కొలమానం.

రాయి గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. చీమకుర్తి గెలాక్సీ రాయి నల్లగా ఉండి, బ్రాంజైటు అనే ఖనిజపు రేణువుల వల్ల లోపల బంగారు పొడి చల్లినట్టు మెరుస్తుంది. ఎండకూ వానకూ తట్టుకుంటుంది, మెరుగు త్వరగా పోదు. దుకాణంవారు చూపిన పలకల్లో పగుళ్లు గానీ అతుకులు గానీ లేవు. రాయి నాణ్యతకు పూర్తి మార్కులు వేయవచ్చు.

అసలు విషయం వాళ్లు చేతికిచ్చిన నమూనాల ఆల్బమ్ దగ్గర మొదలవుతుంది. అందులో మబ్బుల్లోకి ఎక్కిపోయే మెట్లు ఉన్నాయి, రెక్కలు విప్పిన పావురాలు ఉన్నాయి, చేతులు చాచిన దేవదూతలు ఉన్నారు, చనిపోయినవారి నిలువెత్తు ఫోటోలు ఉన్నాయి. కొన్నింటిలో ఫోటో రాయిలో సగాన్ని ఆక్రమించి, సిలువ ఒక మూలకు ఒదిగిపోయింది. అన్ని పేజీలు తిప్పినా క్రీస్తు లేచాడనడానికి గుర్తైన ఖాళీ సమాధి బొమ్మ ఒక్కటి కూడా కనిపించలేదు. దీనికి దుకాణాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు, ఎందుకంటే అడిగేవారు ఏది అడిగితే ఆల్బమ్‌లో అదే చేరుతుంది. ఆత్మ పైకి వెళ్లిపోయింది, శరీరం మట్టిలో కలిసిపోయింది, అంతటితో కథ ముగిసింది అన్నట్టుగా మన సమాధుల తోటలు మాట్లాడుతున్నాయంటే, ఆ మాట మన ఇళ్లలోనుంచే అక్కడికి వెళ్లింది.

క్రీస్తు పునరుత్థానం గురించి సువార్తలు చెప్పే సంగతి దీనికి చాలా దూరంగా ఉంటుంది. లేచిన యేసు శిష్యుల ఎదుట కాల్చిన చేప ముక్క తిన్నాడని లూకా రాశాడు. మేకుల గురుతులను చూడమని, ప్రక్కలో చెయ్యి ఉంచమని తోమాతో అన్నాడని యోహాను రాశాడు. అంటే గాయపడిన ఆ శరీరమే లేచింది, గాయాల గురుతులతో సహా లేచింది. అదే సమయంలో తలుపులు మూసి ఉన్న గదిలోకి రాగలిగేంతగా మార్పు చెందింది కూడా. కొరింథులోని సంఘంలో కొందరు మృతుల పునరుత్థానమే లేదని వాదించినప్పుడు పౌలు మెత్తని మాటలతో సర్దిచెప్పలేదు. క్రీస్తు లేపబడకపోతే తన ప్రకటన వ్యర్థమనీ, వారి విశ్వాసమూ వ్యర్థమనీ, వారింకా పాపాలలోనే ఉన్నారనీ తేల్చి రాశాడు. కేఫా అనే పేతురుకు, పన్నెండుగురు శిష్యులకు, ఐదు వందలమందికి పైగా సహోదరులకు, యాకోబుకు ఆయన కనబడ్డాడని సాక్షులను వరుసగా చెప్పి, వారిలో అనేకులు ఇంకా బ్రతికే ఉన్నారని గుర్తుచేశాడు. కావాలంటే వెళ్లి అడగండి అన్నంత ధైర్యం ఆ వాక్యంలో ఉంది. విశ్వాసికి పునరుత్థానం ఒక ఓదార్పు మాటో, వసంతకాలపు అందమైన భావనో అయితే ఇంత పట్టుదల అవసరమే లేదు.

ఫలకం మీద ఏం రాయించాలన్న దగ్గర మా ఇంట్లో చర్చ చాలాసేపే జరిగింది. అక్క “మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడముట్టించితిని, విశ్వాసము కాపాడుకొంటిని” అన్న వాక్యం పెట్టాలన్నది. మన సమాధుల మీద తరచుగా కనిపించే వాక్యాలలో ఇది ఒకటి, నాన్నగారి జీవితానికి తగినది కూడా. అయితే ఆ వాక్యాన్ని సమాధి మీద ఒంటరిగా నిలబెడితే చదివేవారి దృష్టి చనిపోయిన మనిషి సాధించినదాని మీదనే ఆగుతుందని నాకు అనిపించింది. పౌలైతే తనకోసం ఉంచబడిన కిరీటం గురించి, దాన్ని ఇచ్చే న్యాయాధిపతి గురించి వెంటనే తరువాతి మాటల్లో చెబుతాడు. రాయి మీద చోటు చాలక మనం సాధారణంగా కోసేసేది సరిగ్గా ఆ భాగాన్నే. చివరకు “పునరుత్థానమును జీవమును నేనే” అన్న యేసు మాటను యోహాను 11:25 అన్న రిఫరెన్సుతో పెట్టడానికి అందరం ఒప్పుకున్నాము. ఈ మాట ఆయన నోట వచ్చింది బేతనియ అనే ఊళ్లో, నాలుగు రోజుల క్రితం తన సహోదరుడు లాజరును పాతిపెట్టిన మార్త ఎదుట. అంత్యదినమున తన సహోదరుడు లేస్తాడని ఆమెకు తెలుసు, ఆ మాట ఆమే అన్నది. ఎప్పుడో జరగబోయే ఆ సంగతి తానేనని యేసు చెప్పాడు, ఆ తరువాత సమాధి దగ్గరకు వెళుతూ కన్నీరు విడిచాడు. దుఃఖం అవిశ్వాసానికి గుర్తని భావించి, కూడికల్లో ఏడ్చేవారిని గద్దించే పెద్దలు ఈ అధ్యాయాన్ని మరొకసారి నిదానంగా చదవడం మంచిది. నిరీక్షణ లేని ఇతరులవలె దుఃఖపడవద్దని పౌలు అన్నాడే తప్ప అసలు దుఃఖపడవద్దని అనలేదు.

దుకాణం యజమానిని మేము కోరిన మరొక సంగతి ఆయనకు కొత్తగా తోచింది. పుట్టిన తేదీ, చనిపోయిన తేదీల మధ్య నాన్నగారు బాప్తిస్మం పొందిన సంవత్సరాన్ని, అంటే 1961ని, చెక్కమన్నాము. “ఇంతవరకు ఎవరూ అడగలేదు మాస్టారు, స్కూలు సర్టిఫికెట్టులాగా ఉంటుందేమో” అన్నారాయన. నా దృష్టిలో ఆ మూడింటిలో అన్నిటికన్నా ముఖ్యమైన తేదీ అదే. బాప్తిస్మంలో మనం క్రీస్తుతో కూడ పాతిపెట్టబడ్డామని, ఆయన లేచినట్టే మనమూ నూతన జీవంలో నడవాలని రోమా పత్రిక ఆరవ అధ్యాయం చెబుతుంది. ఆ లెక్కన నాన్నగారి మొదటి సమాధి నీటిలోనే జరిగింది. ఆయన కోపాన్ని అణచుకున్నా, చేతిలో డబ్బు లేనినాడు కూడా అబద్ధపు సంతకం చేయకపోయినా, అదంతా ఆ నీళ్లలోనుంచి లేచిన మనిషి బ్రతుకే.

ఒంగోలు ప్రాంతంవారికి ఈ సంగతి పుస్తకాల్లో చదివి తెలుసుకునేది కాదు. 1876–78 నాటి మహా కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుగా తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశారు. కరువు సహాయం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరికి వెలుపల ఉంచబడి, చావుకు దగ్గరగా వెళ్లివచ్చిన మనుషులు నీటిలో మునిగి లేచినప్పుడు, పునరుత్థానమన్నది చనిపోయాక దొరికే వస్తువుగా మాత్రమే వారికి కనిపించి ఉండదు. ఆ తరువాత వారు బడికి వెళ్లారు, తలెత్తి పేరు చెప్పుకున్నారు. క్రీస్తును మరణం నుంచి లేపిన దేవుడు తమను కూడా లేపగలడని నమ్మినవారి సంతానం ఈనాడు ఆ జిల్లా అంతటా ఉంది.

ఇక పనితనం. ఈ రోజుల్లో అక్షరాలను కంప్యూటరులో అమర్చి, రబ్బరు స్టిక్కరు మీద కత్తిరించి, దాన్ని రాయికి అంటించి, గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి చెక్కుతారు. మామూలు అక్షరాలకు ఆ పద్ధతి సరిపోతుంది గానీ తెలుగు వత్తుల దగ్గర ఇసుక అంచులను తినేస్తుంది. ఇక్కడి పెద్ద మేస్త్రి ఇసుక కొట్టిన తరువాత ప్రతి వత్తునూ సన్నని ఉలితో మళ్లీ సరిదిద్దుతారు. “పునరుత్థానము”లో త కింద ఉన్న థ వత్తు లోపలి చుక్క పూడిపోకుండా ఆయన ఊపిరి బిగబట్టి ఉలి తిప్పడం దగ్గర కూర్చుని చూశాను. ఆ మాటనే ముందుగా ఇచ్చిన ప్రూఫు కాగితంలో “పునరుద్ధానము” అని కొట్టారు. సంఘాల బ్యానర్ల మీద కూడా తరచూ కనిపించే తప్పే గనుక కోపం రాలేదు, కానీ రాయి మీదికి ఎక్కితే దిద్దడం కుదరదు. ప్రూఫును ఇద్దరు వేర్వేరుగా చదివిన తరువాతే సంతకం చేయాలని గట్టిగా చెబుతాను.

మేస్త్రి క్రైస్తవుడు కాడు. చాలా ఏళ్లుగా మన వాక్యాలు చెక్కి చెక్కి, మనలో కొందరికన్నా వాటిని బాగా గుర్తుపెట్టుకున్న మనిషి. పని మధ్యలో ఆయన ఒక ప్రశ్న వేశారు: “లేస్తారనే కదండీ మీరు రాయించేది, మరి ఇంత బరువు రాయి ఎందుకు పైన?” వేళాకోళంగా అనలేదు, నిజంగానే అడిగారు. లాజరు సమాధి దగ్గర యేసు మొదట చెప్పిన మాట “రాయి తీసివేయుడి” అన్నదేనని చెప్పాను. యేసు సమాధి మీది రాయిని ప్రభువు దూత పొర్లించాడనీ, “ఆయన ఇక్కడ లేడు, తాను చెప్పినట్టే ఆయన లేచియున్నాడు” అని స్త్రీలకు చెప్పి, ఆయన పండుకొన్న స్థలం చూడమని పిలిచాడనీ చెప్పాను. అయితే ఇది తాత్కాలికపు రాయేనన్నమాట అని ఆయన నవ్వారు. నేను ప్రసంగాల్లో విన్న ఎన్నో వివరణల కంటే ఆ మాట సూటిగా ఉంది. పౌలు విత్తనం పోలికతో చెప్పినదీ ఇదే: “ప్రకృతిసంబంధమైన శరీరముగా విత్తబడి ఆత్మసంబంధశరీరముగా లేపబడును.” విత్తినవాడు నేల మీద గుర్తు పెట్టుకుంటాడు, ఎందుకంటే అక్కడికి మళ్లీ రావలసిన పని ఉంది. పేరు చెక్కడానికి కూడా నాకు అదే కారణంగా తోస్తుంది. లేచిన యేసు తోటలో మగ్దలేనే మరియను పేరు పెట్టే పిలిచాడు గనుక, లేపబడేవారు గుంపులో కలిసిపోయే నీడలు కారు.

ఆక్షేపణలు మూడు ఉన్నాయి. మొదటిది లెక్క. చదరపు అడుగు ధర చెప్పేటప్పుడు రవాణా, బిగింపు అందులో లేవన్న సంగతి చెప్పలేదు; అక్షరాలకు విడిగా వేసిన లెక్కలో వత్తును కూడా ఒక అక్షరంగా కట్టారు. మొత్తం 40 వేలు దాటింది. ఖర్చు చూసి వాక్యాన్ని కుదించుకునే కుటుంబాలు ఉన్నాయని యజమానే అన్నారు. ఫోటోకు వెనుకాడకుండా ఇచ్చి, వాక్యం దగ్గర బేరమాడే పద్ధతి మనలో ఉన్నదని నాకూ తెలుసు.

రెండవది ఆలస్యం. 2025లో ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చింది. కోస్తా ఊళ్లలో ఆ రోజు తెల్లవారకముందే విశ్వాసులు సమాధుల తోటకు వెళ్లి, సున్నం వేసిన సమాధుల మీద పూలు, కొవ్వొత్తులు పెట్టి, పాటలు పాడి, లేచిన ప్రభువును స్తుతించడం ఆనవాయితీ. అందువల్ల ఈ దుకాణాలకు మార్చి, ఏప్రిల్ నెలలు ఊపిరాడనివి. మట్టల ఆదివారానికి ముందే బిగిస్తామన్న రాయిని శుభ శుక్రవారం ముందురోజు సాయంత్రం తెచ్చారు. ఆ హడావిడిలో పీట కీలు దగ్గర సిమెంటు మరకలు అలాగే వదిలేశారు, మేమే గీకి శుభ్రం చేసుకోవలసి వచ్చింది. ఈస్టరు కోసం చేయించుకునేవారు సంక్రాంతి నాటికే ఆర్డరు ఇవ్వడం క్షేమం.

మూడవది సలహా. పాదాలు తూర్పు వైపు ఉండేలా పాతిపెట్టడం, ప్రభువు రాకడలో లేచి ఆయనకు ఎదురుగా నిలబడతారన్న నిరీక్షణతో క్రైస్తవులు పాటించిన పాత ఆచారం. నాన్నగారిని అలాగే పడుకోబెట్టాము. రాయి బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు, నడిచే దారికి ఎదురుగా ఉంటే అందంగా ఉంటుందని ఫలకాన్ని ఉత్తరానికి తిప్పబోయారు. అక్క పక్కనే ఉండి ఆపింది. సమాధి పనులే చేసే దుకాణం తన మనుషులకు ఈ మాత్రం నేర్పించాలి.

అక్షరాల పనికీ రాయికీ ఈ దుకాణాన్ని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. లెక్కనూ తేదీనూ కాగితం మీద రాయించుకున్న తరువాతే అడ్వాన్సు ఇవ్వండి. వాక్యం ఏదన్నది దుకాణంలో ఆల్బమ్ ముందు కూర్చుని తేల్చుకోవద్దు, ఇంట్లో బైబిలు తెరిచి తేల్చుకొని వెళ్లండి. పెద్ద ఫోటో చెక్కించాలనుకునేవారు మరోచోట చూసుకోవడం మేలు, ఇక్కడ ముఖాలు అంత బాగా రావు.