ముహూర్తం వేళ లైవ్ ఆగకూడదంటే: బ్యాకప్ ఇన్‌పుట్ మేలా, జంట లైన్లు మేలా?

అమెరికాలో ఉన్న మేనమామ జీలకర్ర-బెల్లం ఘట్టం చూడాలని నిద్ర మానుకుని కూర్చున్నప్పుడు, పెళ్లి లైవ్‌ను ఒకే నెట్ లైనుకు వదిలేయడాన్ని ఎవరూ సమర్థించరు. రెండో ఇన్‌పుట్‌ను ఏ పద్ధతిలో అమర్చాలన్న దగ్గరే అభిప్రాయాలు వేరవుతాయి. ఒకటి పడిపోతే రెండోదానికి మారే మెయిన్-బ్యాకప్ ఒక పద్ధతి. ఒకే వీడియోను రెండు లైన్ల మీదా ఏకకాలంలో పంపి, అవతల కలిపి తీసుకోవడం మరో పద్ధతి.

మొదటిది చవక. యూట్యూబ్ బ్యాకప్ సర్వర్ చిరునామా కూడా ఇస్తుంది కాబట్టి, రెండో ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ అనే లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ తెరిచి, రెజల్యూషన్, బిట్‌రేట్ (సెకనుకు వెళ్లే డేటా), కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేమ్) వ్యవధి మొదటిదానితో సమానంగా పెట్టి, వేరే లైను మీద ఆ చిరునామాకు పంపితే సరిపోతుంది. అయితే మారిన సంగతి చూసేవారికి తెలియకుండా ఉండదు. మొదటి ఇన్‌పుట్ పోయిందని తేల్చుకోవడానికే కొంత సమయం పడుతుంది. ఆపైన రెండో ప్రవాహంలో కీఫ్రేమ్ వచ్చేదాకా బొమ్మ మొదలు కాదు, కీఫ్రేమ్ 2 సెకన్లకు ఒకటి చొప్పున ఉంటే ఆ ఒక్క నిరీక్షణే 2 సెకన్ల దాకా సాగవచ్చు. పైగా రెండు ల్యాప్‌టాప్‌లూ అడుగులో అడుగు వేసి నడవవు కనుక, మంత్రంలో ఒక మాట రెండుసార్లు వినబడడమో, అసలు వినబడకపోవడమో జరుగుతుంది.

రెండో పద్ధతి టీవీ సంస్థల నుంచి వచ్చింది. దాన్ని సినిమా, టీవీ ఇంజినీర్ల సంఘమైన ఎస్‌ఎంపీటీఈ 2022-7 ప్రమాణంగా 2013లో ప్రచురించింది. వీడియో ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వెళ్తుంది, ప్రతి ప్యాకెట్టుకూ వరుస సంఖ్య ఉంటుంది. ఏ దారిన ముందు వస్తే ఆ ప్రతిని రిసీవర్ ఉంచుకుని, వెనక వచ్చినదాన్ని వదిలేస్తుంది. అందువల్ల ఒక దారి పూర్తిగా తెగినా ఒక్క ఫ్రేమూ పోదు, ఎందుకంటే ఇక్కడ ‘మారడం’ అనే పనే లేదు. సొంత నెట్‌వర్క్ లేని చిన్న బృందాలకు ఇదే సౌకర్యం ఇంటర్నెట్ మీద వీడియో పంపే ఎస్‌ఆర్‌టీ అనే ప్రోటోకాల్ 1.5 వెర్షన్‌లోని బ్రాడ్‌కాస్ట్ బాండింగ్‌తో (ఒకే ప్రవాహాన్ని అన్ని లైన్ల మీదా పంపే ఏర్పాటుతో) దొరుకుతుంది. కాకపోతే బాండింగ్‌ను చేర్చి తయారు చేసిన ఎస్‌ఆర్‌టీ సాఫ్ట్‌వేర్ లైబ్రరీ రెండు కొసలా ఉండాలి, రెండు ప్రవాహాలనూ కలిపి యూట్యూబ్‌కు పంపే సర్వర్ ఒకటి మధ్యలో కావాలి, రెండు దారుల ఆలస్యాల మధ్య తేడాను మించిన బఫర్ (ప్యాకెట్లను ఆపి ఉంచే సమయం) పెట్టాలి. ఎస్‌ఆర్‌టీలో మామూలుగా ఉండే 120 మిల్లీసెకన్ల బఫర్ 4జీ లైనుకు చాలదు. పెళ్లికి ఒకటి రెండు సెకన్లు పెంచినా నష్టం లేదు.

డేటా ఖర్చు మాత్రం తక్కువ కాదు. 6 ఎంబీపీఎస్ (సెకనుకు 6 మెగాబిట్ల) ప్రవాహం గంటకు 2.7 జీబీ తింటుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే సిమ్ ముప్పావుగంట కూడా నిలవదు. బ్యాకప్ చిరునామాకు మొదటినుంచీ పంపుతూ ఉంటే అక్కడా ఇదే లెక్క, కాబట్టి ఈ విషయంలో మొదటి పద్ధతికి పెద్ద ఆధిక్యం లేదు.

రెండింటికీ లొంగని లోపం ఒకటుంది. కెమెరా కేబుల్ ఊడితే జంట లైన్లు నల్లటి తెరను ఒక్క ప్యాకెట్టు పోకుండా భద్రంగా చేరవేస్తాయి. మెయిన్-బ్యాకప్ కూడా ప్రవాహం వస్తూనే ఉంది గదా అని కదలకుండా కూర్చుంటుంది. కొన్ని క్లౌడ్ సేవల్లో నల్ల తెరను, నిశ్శబ్దాన్ని గుర్తించి మారే ఏర్పాటు ఉంది గానీ, దాన్ని విడిగా ఆన్ చేయాలి.

కల్యాణ మండపంలో ముందుగా మొండికేసేది వీడియోను కుదించి పంపే ఎన్‌కోడర్ కాదు, సెల్ టవర్; అందరూ ఒకేసారి ఫోన్లు తీసే ముహూర్తం వేళే అది కూలబడుతుంది. అందుచేత సర్వర్ నడపగలవారు ఉంటే జంట లైన్లే మేలని నా అభిప్రాయం, అదీ ఫైబర్ ఒకటి, సిమ్ ఒకటి అయితేనే. ఒకే కంపెనీ సిమ్‌లు రెండు పెట్టుకుంటే రెండూ ఒకే టవర్ దగ్గర నిలిచిపోతాయి. సర్వర్ పని తెలియని బృందానికి యూట్యూబ్ బ్యాకప్ చాలు, ల్యాప్‌టాప్‌లు రెండింటికీ వేర్వేరు యూపీఎస్‌లు ఉంటే. ఏది ఎంచుకున్నా గౌరీపూజ ముగియకముందే ఒకసారి మెయిన్ లైను పీకి, మరో ఫోన్‌లో లైవ్ తెరిచి చూసుకోవాలి.