రెండు పిడుల స్టీలు చెంబు: ఏడాది వాడిన తరవాత

ఇజ్రాయెల్‌లోని బ్నేయ్ బ్రాక్ నగరంలో తొంభైకి దగ్గరపడిన ఒక పెద్దాయనను చూసుకునే పనిలో ఉన్నాను. ఆయనను ‘సబా’ అని పిలుస్తాను. హీబ్రూలో తాత అని అర్థం. నిరుడు ఆ ఇంట్లో ఆచారం ప్రకారం చేతుల మీద నీరు పోసుకునే ప్లాస్టిక్ చెంబు, కొని మూడు నెలలైనా కాకముందే, అడుగున చిట్లి నీరు కారడం మొదలుపెట్టింది. నీరు నిలవని పాత్ర ఈ పనికి చెల్లదని సబా దానిని పక్కన పెట్టించి, కొత్తది తెమ్మని నన్ను రబ్బీ అకీవా వీధికి పంపారు. అక్కడ 45 షెకెళ్లకు కొన్న స్టీలు ‘నట్లా’ గురించి, ఏడాది పాటు రోజూ నింపి, అందించి, తుడిచిన తరవాత రాస్తున్నాను. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడి ఇళ్లలో ఇదే పని చేస్తున్న మనవాళ్లకు ఇది అక్కరకు వస్తుందని ఆశ.

నట్లా అంటే రెండు పిడులున్న చెంబు. ఆచారం పాటించే యూదులు నిద్ర లేవగానే ఒకసారి, రొట్టె తినే ముందు ప్రతిసారీ దీనితో చేతుల మీద నీరు పోసుకుంటారు. దీనిని ‘నెతిలత్ యదాయిమ్’ అంటారు. ఇది మురికి వదిలించుకోవడానికి కాదని గ్రహించడానికి నాకు కొంతకాలం పట్టింది. చేతికి పిండో మట్టో అంటి ఉంటే ముందుగా సబ్బుతో కడుక్కొని, ఉంగరం తీసి, ఆ తరవాతే చెంబు పట్టుకోవాలి. యెరూషలేము దేవాలయంలో యాజకులు సేవకు ముందు ఇత్తడి గంగాళపు నీటితో కాళ్లు చేతులు కడుక్కునేవారు. క్రీ.శ. 70లో రోమన్లు ఆ దేవాలయాన్ని నేలమట్టం చేశారు. బలిపీఠం లేని కాలంలో మనిషి భోజనపు బల్లే ఆ స్థానంలో నిలుస్తుందని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఉంది. అందుకే రెండు ముక్కల రొట్టె, కాస్త సూప్ ఉన్న మధ్యాహ్న భోజనానికి కూడా సబా యాజకుడు సేవకు సిద్ధమైనట్లే సిద్ధమవుతారు. రొట్టెను ఉప్పులో అద్దుకోవడంలోనూ నైవేద్యానికి ఉప్పు చేర్చాలన్న పాత నియమం వినిపిస్తుంది.

ఇక చెంబు విషయం. ఈ కడుగుడుకు కావలసిన కనీస నీటి కొలతను ‘రెవిఈత్’ అంటారు. కొందరు పండితులు దానిని 86 మిల్లీలీటర్లని, మరికొందరు 150 అని లెక్కిస్తారు. నేను కొన్నదానిలో 700 దాకా పడుతుంది కాబట్టి సగం నింపినా ఏ లెక్కకూ తక్కువ కాదు. పాత్ర ఎలా ఉండాలన్న నియమాలు 1565లో వెనిస్‌లో అచ్చయిన యోసేఫ్ కారో ధర్మశాస్త్ర గ్రంథం ‘షుల్హాన్ ఆరూఖ్’లో వివరంగా ఉన్నాయి. చిల్లు ఉండకూడదు, నీరు మనిషి చేతితో పోసినదై ఉండాలి. అంచు సమంగా ఉన్నది మేలని, కూజాలా మూతి సాగినది వద్దని సబా ముందే చెప్పి పంపారు. రెండు పిడులు ఎందుకంటే, ఇంకా కడగని చేతి తడి అంటిన పిడిని కడిగిన చేయి మళ్లీ తాకకుండా ఉండటానికి.

ఈ చెంబులో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ పిడుల వెడల్పే. సబా వేళ్ల కణుపులు వాచి ఉంటాయి, చేతులు వణుకుతాయి. ఆయన కొడుకు కానుకగా ఇచ్చిన వెండి పూత చెంబు చాలా అందంగా ఉంటుంది కానీ, నిండితే ఆయన ఎత్తలేరు, పిడి సందులో రెండు వేళ్లే దూరుతాయి. స్టీలు చెంబు పిడిలో నాలుగు వేళ్లూ సులువుగా పడతాయి. తెల్లవారగానే మంచం పక్కన బేసిన్ పెడతాను. తనకు ప్రాణాన్ని తిరిగి ఇచ్చినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పే చిన్న వాక్యాన్ని ఆయన కళ్లు తెరవగానే పలికి, చెంబును కుడిచేతితో అందుకొని ఎడమచేతికి మార్చి, కుడిచేతి మీద, ఆ వెంటనే ఎడమచేతి మీద, ఇలా మార్చి మార్చి మూడేసిసార్లు పోసుకుంటారు. మరొకరు పోసినా చెల్లుతుంది. జ్వరం వచ్చిన రోజుల్లో నేనే పోశాను. కానీ తనంతట తాను పోసుకున్న రోజున ఆయన ముఖం వేరుగా ఉంటుంది, ఆ తేడాను నేను రోజూ చూస్తున్నాను.

చేతులు కడిగి, ఆశీర్వచనం చదివి, తుడుచుకున్నాక రొట్టె నోట్లో పడే దాకా మాట్లాడకూడదు. శుక్రవారం రాత్రి పిల్లలూ మనవలూ వంటగదిలో వరుసగా నిలబడి ఒకరి తరవాత ఒకరు ఈ చెంబే అందుకుంటారు. అందరి వంతూ అయ్యేదాకా చిన్నవాళ్లు పెదవులు బిగించి రాగం తీస్తూ ఉంటారు. అంతవరకు గోలగోలగా ఉన్న ఇల్లు ఆ రెండు మూడు నిమిషాలు నీటి చప్పుడుతోనే నిండుతుంది. మా నాన్న విస్తరి చుట్టూ నీరు తిప్పి ఔపోసనం పట్టేటప్పుడు మేము ఊపిరి బిగబట్టి చూసిన రోజులు నాకు అప్పుడు తప్పక గుర్తుకొస్తాయి.

లోపాలు లేకపోలేదు. ఇక్కడి నీటిలో సున్నం ఎక్కువ కాబట్టి, చెంబు మీద చెక్కిన ఆశీర్వచనపు అక్షరాల సందుల్లో తెల్లటి పొర పేరుకుంటుంది. పది రోజులకొకసారి వెనిగర్ గుడ్డతో రుద్దాలి. అక్షరాలు లేని నున్నటి రకం కొని ఉంటే ఈ శ్రమ తప్పేది. ఒక పిడి అతుకు దగ్గర రంగు కాస్త మారింది, బలం మాత్రం తగ్గలేదు. అంచు కొంచెం మందం కావడంతో చివరి చుక్కలు బయటి నుంచి జారి నేల మీద పడతాయి. ముసలివారు జారే ప్రమాదం ఉంది కనుక కింద తప్పనిసరిగా పట్టా వేయాలి.

అయినా వృద్ధులున్న ఇంటికి వెండి పూతవాటికంటే, ప్లాస్టిక్‌వాటికంటే ఈ స్టీలు రకాన్నే కొనమంటాను. దుకాణంలో ఖాళీ చెంబు ఎత్తి చూసి తృప్తిపడకండి, సగం నీరు పోయించి, వాడబోయే మనిషి చేతికి ఇచ్చి చూడండి.